సచిన్ సంతకం బ్యాట్: ఒక్క స్టార్, అదీ కర్రకే

2013 నవంబర్‌లో వాంఖడేలో సచిన్ ఆడిన ఆఖరి టెస్టు, అదే ఆయన 200వది, దాని గుర్తుగా స్వయంగా సంతకం చేసిన బ్యాట్ అంటే 6,500 పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నాను. ప్యాకింగ్ బ్రహ్మాండం. మా నాన్న పంచాంగం చూసుకునే భూతద్దం పెట్టి చూస్తే సంతకం నిండా సన్నటి రంగు చుక్కలు! పెన్ను గీత అలా ఉండదు, ఇది ప్రింటే. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలన్నిట్లోనూ అదే సంతకం, తోక వంపుతో సహా. ఎవరైనా అచ్చు గుద్దినట్టు సంతకం పెడతారా? సర్టిఫికెట్ మీద హోలోగ్రామ్ మెరుస్తోంది, కానీ నంబరు ఎక్కడ సరిచూసుకోవాలో లేదు. అడిగితే "కలెక్టర్స్ ఎడిషన్ సార్" అన్నాడు అమ్మినతను. వాపసు గడువు 7 రోజులు. నేను తొమ్మిదో రోజు పెట్టె విప్పాను, నా ఖర్మ. ఇప్పుడు మా బుడ్డోడు దాంతో మేడమీద ప్లాస్టిక్ బంతి బాదుతున్నాడు.