షాలో కప్ మౌత్‌పీస్: పై ‘సి’ తేలికే, మొదటి గంట వరకూ

ఈ షాలో కప్ (లోతు తక్కువ కప్పు) ట్రంపెట్ మౌత్‌పీస్ కొంటే రేంజ్, అంటే ఎంత పై స్వరం దాకా పలుకుతుందో అది, పెరుగుతుందా అని అడిగేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నా, పెరగదు. మామూలుగా వాడే 7సి మౌత్‌పీస్ మీద పై ‘జి’ దాటనివాడికి దీంతోనూ అంతకన్నా పైనుండే పై ‘సి’ రాదు. ఉన్న పై ‘సి’ని ఊరేగింపు అయ్యేదాకా నిలబెట్టుకోవడానికి మాత్రం ఇది పనికొచ్చింది, అదీ కొన్ని షరతుల మీద. ఆ షరతులు అమ్మేవాళ్ళు చెప్పరు.

నేను వాడేది 14ఎ4ఎ అని నంబరు కొట్టిన కాపీ. చేసిందెవరో, అమ్మిందెవరో రాయను. ఈ నంబరింగ్ షిల్కే అనే కంపెనీ పద్ధతిది. ఇందులో మొదటి ‘ఎ’ అంటే లోతు తక్కువ కప్పు. బాక్ అనే ఇంకో కంపెనీ పద్ధతిలో ఇది తలకిందులు, ‘ఎ’ అంటే బాగా లోతు. ఒక పద్ధతి గుర్తుపెట్టుకుని రెండో పద్ధతి మౌత్‌పీస్ కొని, లోతు కప్పుతో తంటాలు పడేవాళ్ళున్నారు.

దీని సుఖం ఎక్కడుందో అర్థం కావాలంటే మన పెళ్ళి ఊరేగింపులో నిలబడి ఊదాలి. నెల్లూరు ట్రంకు రోడ్డు లాంటి చోట పక్కన డ్రమ్ములు, వెనక కీబోర్డు బండి, ముందు టపాకాయలు, వీటి మధ్య ట్రంపెట్ వినపడాలి. 7సితో వినపడాలంటే దమ్ము ఎక్కువ తోయాలి. దమ్ము ఎక్కువైతే పెదవుల మధ్య సందు పెద్దదవుతుంది. ఆ సందు మూయడానికి చెయ్యి ట్రంపెట్‌ను పళ్ళకేసి నొక్కుతుంది. పెదవిలో రక్తం ఆడదు, రెండు పాటలకే మొద్దుబారిపోతుంది. షాలో కప్పులో పై ఓవర్‌టోన్లు (ఊదే స్వరంతోపాటు కలిసి మోగే పై స్వరాలు) బలంగా పలుకుతాయి కాబట్టి సౌండు పదునుగా ఉంటుంది, డ్రమ్ములను కోసుకుని అవతలి వీధి దాకా పోతుంది. అంత తోయాల్సిన పని ఉండదు. శ్రమ తగ్గేది ఇక్కడే. పై ‘సి’ నిలబడాలంటే పెదవి చెయ్యాల్సిన పని ఏ కప్పులోనైనా ఇంచుమించు అదే.

మొదటి గంట నిజంగానే హాయి. ఆ తర్వాత ఏమవుతుందంటే, పై స్వరాలు బాగానే పలుకుతుంటాయి, ఉన్నట్టుండి కింది ‘జి’ దగ్గర సౌండు కట్ అవుతుంది. వాల్వులన్నీ (వేళ్ళతో నొక్కే మీటలు) వదిలేసి ఊదితే వరసగా సి, జి, సి, ఇ, జి, కాస్త తగ్గిన బి-ఫ్లాట్, సి వస్తాయి కదా (ఆ చివరిదే పై ‘సి’), అందులో రెండోది. అందరూ పలికించే స్వరం. అది స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంది. గాలి పోతుంటుంది, స్వరం ఉండదు. చరణం మొదలయ్యేది సాధారణంగా ఆ చుట్టుపక్కలే కాబట్టి పరువు పోయేదీ అక్కడే.

దీన్ని చాలామంది పెదవి అలిసిందనుకుంటారు. అలసట ఇట్టా ఉండదు. అలిసిన పెదవికి ముందు గాలి చప్పుడు కలుస్తుంది, శ్రుతి దిగుతుంది, పై స్వరాలు ఒక్కొక్కటే పోతాయి. ఇక్కడ ముందస్తు సూచనే లేదు. మెల్లగా ఊదితే ‘జి’ మళ్ళీ వస్తుంది, గట్టిగా ఊదితే పోతుంది. ఈ తేడా పట్టుకుంటే కారణం దొరికినట్టే. గంటసేపు నొక్కుడు తిన్న పెదవి వాస్తుంది. కింది స్వరాలకు పెదవి వదులవుతుంది, గట్టిగా ఊదితే ఇంకా కప్పులోకి జరుగుతుంది. 7సిలో అడుగు దూరం కాబట్టి తగలదు. ఇందులో పెదవి కప్పు అడుగుకు ఆనుకుంటుంది, ఆనుకున్న పెదవి అదరదు. పై స్వరాలకు పెదవి బిగుసుకుని వెనక్కి ఉంటుంది కాబట్టి అవి బతికిపోతాయి. పెదవులు మందంగా ఉన్నవాళ్ళకు ఈ తిప్పలు మొదటి పాటకే రావచ్చు, సన్న పెదవులవాళ్ళకు అసలు రాకపోవచ్చు. ‘నాకు బ్రహ్మాండంగా ఉంది’ అని ఇంకొకడు చెప్పిన మాట విని కొనొద్దనేది అందుకే.

కొనేముందే చూసుకోవచ్చు. కింది ‘జి’ చాలా మెల్లగా మొదలుపెట్టి, ఒకే దమ్ములో మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. సౌండు పగిలి గరగరలాడితే ఫర్వాలేదు. పగలకుండా టక్కున ఆగితే పెదవి అడుగుకు తగిలినట్టు. తాజా పెదవితో దుకాణంలో చూస్తే సరిపోదు, అరగంట ఊదిన పెదవితో చూడాలి. దుకాణంవాడు విసుక్కుంటే విసుక్కోనీండి.

కొనేసినవాళ్ళకు దారి ఉంది, కాస్త ఓపిక కావాలి. ‘మ్’ అన్నట్టు పెదవులు మూసి, కింది పెదవిని వెంట్రుకవాసి పళ్ళ మీదికి మడిచి, నోటి మూలలు బిగించి అదే ‘జి’ పెంచుతూ ఊదండి. ఆగే చోటు ముందుకు జరుగుతుంది, అంటే ఇంకాస్త గట్టిగా ఊదేదాకా నిలుస్తుంది. మరీ మడిస్తే గొంతు నొక్కినట్టు సన్నగా వస్తుంది, అప్పుడు కొంచెం వదలాలి. అది కుదిరాక వాల్వులు ముట్టుకోకుండా సి-జి-సి, జి-సి-ఇ, సి-ఇ-జి అని నాలుక కొట్టకుండా జారుతూ ఎక్కాలి. కిందిదానికి నోట్లో నాలుక ‘ఆ’ అన్నట్టు, పైదానికి ‘ఈ’ అన్నట్టు లేవాలి. స్వరాన్ని నాలుకే ఎక్కించాలి, చెయ్యి సాయం రాకూడదు. ఇదంతా మెల్లగా, ఊదినంతసేపు ఆగుతూ. గట్టిగా సాధన చేస్తే మళ్ళీ నొక్కుడే అలవాటవుతుంది.

నొక్కుడు తగ్గించే చవక ఉపాయం ఇంకోటి ఉంది. కుడిచేతి చిటికెన వేలు ట్రంపెట్ మీదుండే కొక్కెంలోంచి తీసి పైన ఊరికే ఆనించండి. పై స్వరం రాగానే ట్రంపెట్‌ను మూతికేసి లాగేది ఆ వేలే. ఊరేగింపులో ఒంటిచేత్తో పేజీ తిప్పడానికో, మ్యూట్ (సౌండు తగ్గించే మూత) పట్టుకోవడానికో తప్ప ఆ కొక్కెం అవసరం లేదు. పాట మధ్యలో క్లారినెట్ బిట్టు వచ్చినప్పుడు మౌత్‌పీస్ పెదవి మీంచి పూర్తిగా తీసేయాలి. ఆనించి ఉంచితే అది విశ్రాంతి కాదు.

పైన పదునైన సౌండు అని మెచ్చుకున్నా కదా, ఆ పదునుతోపాటు శ్రుతి కూడా పైకి పోతుంది. క్లారినెట్‌వాళ్ళు సర్దుకుంటారు, కీబోర్డు సర్దుకోదు. ట్యూనింగ్ స్లైడు (శ్రుతి సర్దే జారుడు గొట్టం) లాగాలి. బి-ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం మొత్తం సుమారు 148 సెంటీమీటర్లు. స్లైడు 5 మిల్లీమీటర్లు లాగితే రెండు వైపులా కలిపి సెంటీమీటరు పెరుగుతుంది, శ్రుతి ఇంచుమించు 12 సెంట్లు దిగుతుంది. అర స్వరం దూరం 100 సెంట్లు అనుకుంటే ఎంత లాగాలో లెక్క తెలుస్తుంది. వాయించేకొద్దీ ట్రంపెట్ వేడెక్కి ఇంకా ఎక్కుతుంది, ఎండాకాలం ముహూర్తాల్లో మరీ. కొంచెం కొంచెంగా లాగుతూ పోవాలి.

కాపీల్లో ఇంకో గొడవ షాంక్, అంటే ట్రంపెట్‌లోకి దూరే మౌత్‌పీస్ తోక. అది లావుగా ఉంటే మౌత్‌పీస్ చాలినంత లోపలికి దిగదు. షాంక్ చివరకూ లీడ్‌పైపు (ట్రంపెట్ మొదటి గొట్టం) మొదలుకూ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. మరీ ఎక్కువైతే పై స్వరాలు ఒకచోట కుదురుకోవు, అటూ ఇటూ జారతాయి. షాంక్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి ఎంత దిగిందో కొలవండి. చీపురుపుల్ల కొన కొంచెం వంచి రిసీవర్‌లో (మౌత్‌పీస్ దూర్చే చోట) పెట్టి, పైపు అంచుకు తగిలేదాకా ఎంత లోతుందో చూడండి. రెండిటి తేడాయే సందు. షాంక్ వాలు సుమారు 1:20, అంటే 2 మిల్లీమీటర్లు ఎక్కువ దిగాలంటే వ్యాసంలో 0.1 మిల్లీమీటరు తీయిస్తే చాలు. ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైటు మిషన్ల పని చేసే లేత్ షాపులవాళ్ళకు ఇది పెద్ద పని కాదు. ‘కొంచెం తియ్యి’ అని మాత్రం అనొద్దు, కొలత రాసివ్వండి. సందు తక్కువైతే లేత్ అక్కర్లేదు, షాంక్‌కు పలచటి కాగితం ఒక చుట్టు చుడితే పైకి లేస్తుంది.

మౌత్‌పీస్ గొంతు రంధ్రం (కప్పు అడుగున ఉండేది) కూడా చూసుకోండి. మామూలు కొలత 3.66 మిల్లీమీటర్లు. 3.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనక భాగం హాయిగా దూరాలి, 4 దూరకూడదు. 3.5 దూరకపోతే ఆ ముక్క అక్కడే వదిలేయండి.

రాత్రిపూట వీధుల్లో లీడ్ (ముఖ్యమైన పై వరస) ఊదేవాళ్ళు, 7సి మీద పై ‘సి’ ఇప్పటికే ఉన్నవాళ్ళు, పెదవులు మరీ మందం కానివాళ్ళు దీన్ని తీసుకోవచ్చు. నా పెదవికి, నేను ఊదే చోట్లకు ఇది సరిపోయింది కాబట్టి ఇంకా వాడుతున్నా. చర్చిలో నాలుగు గొంతుల పాటకు కలిపి వాయించేవాళ్ళకు ఇది వద్దు, మిగతా గొంతులను మింగేస్తుంది. అక్కడ 7సి, లేదంటే 3సి నయం. నేర్చుకుంటున్న పిల్లలకైతే అసలే వద్దు, కింది స్వరాల్లో నిండుతనం రాకముందే పెదవి దీనికి అలవాటు పడుతుంది.

రెండు మౌత్‌పీస్‌లూ మార్చి మార్చి వాడాలనుకుంటే స్లైడు మీద రెండు వేరువేరు గీతలు పెట్టుకోండి, వెంట ఒక పెన్సిల్ ఉంచుకోండి. చెమట చేతులకు గీతలు చెరిగిపోతాయి.