లిస్బన్ వెళ్తున్నారా? ఆ "ప్రైవేట్" వాకింగ్ గైడ్‌తో జాగ్రత్త

ముందే చెప్తున్నా, కోపం ఇంకా తగ్గలేదు. హోటల్ గదిలో కూర్చుని రాస్తున్నాను, పక్క గదిలో అత్తయ్యగారు మోకాళ్ళకి ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నారు. మాటల్లో ఎక్కడైనా కారం ఎక్కువైతే సర్దుకోండి.

యూకేలో ఉండే మనవాళ్ళలో లిస్బన్ వెళ్ళొచ్చిన ఎవరిని అడిగినా ఒకే నంబర్ పంపుతారు కదా, "చాలా ఫ్రెండ్లీ అండీ, పెద్దవాళ్ళని బాగా చూసుకుంటాడు" అని. అతనే. పేరు రాయను. పసుపు ట్రామ్ పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫొటో పెట్టుకున్నవాడు. ఆ ఊళ్ళో గైడ్‌లందరికీ అదే ఫొటో ఉంటుందనుకోండి, అయినా నంబర్ ఉన్నవాళ్ళకి అర్థమైపోతుంది.

అత్తయ్య, మామయ్య తెనాలి నుంచి వచ్చారు. మామయ్య రిటైరైన సోషల్ మాస్టారు. వాస్కోడగామా పాఠం ఎన్ని బ్యాచ్‌లకి చెప్పారో ఆయనకే తెలీదు. గామా 1524లో కొచ్చిలోనే చనిపోయాడు, ముందు అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పూడ్చి, తర్వాత అవశేషాలని పోర్చుగల్ తెచ్చుకున్నారు. కొచ్చి చర్చిలో ఆ సమాధి రాయిని మామయ్య ఎప్పుడో చూసొచ్చారు. లిస్బన్‌లోనే బెలేం అనే పేటలో, జెరోనిమోస్ మఠంలో ఉన్న సమాధిని కూడా చూడాలని ఆయన కోరిక. అది రేపటి ప్రోగ్రాం. ఇవాళ మాత్రం పాత ఊరు, నడక.

నడక అన్నానా, అసలు టెన్షన్ అంతా అక్కడే. లిస్బన్ అంటే కొండలు. కాలిబాటలన్నీ తెల్ల సున్నపురాయి ముక్కలు పేర్చినవి. అరిగి అరిగి నున్నగా అయిపోయాయి, వాన పడకపోయినా కాలు జారుతుంది. అత్తయ్యకి రెండు మోకాళ్ళూ అరిగాయి. అందుకే ఆ గైడ్‌కి అన్నీ విడమరిచి మెసేజ్ పెట్టాను. మెట్లు వద్దు, మెల్లగా నడుస్తారు, మధ్యమధ్యలో కూర్చోవాలి, టైం పట్టినా ఫర్వాలేదు అని. "నో ప్రాబ్లమ్! మీ ఫ్యామిలీ ఒక్కటే, నాలుగు గంటలు పూర్తిగా మీవే, పైకి లిఫ్ట్‌లో తీసుకెళ్తాను, నడకంతా దిగుడే" అని జవాబు. ఆ మెసేజ్ నా ఫోన్‌లో భద్రంగా ఉంది. ఫ్రేమ్ కట్టించుకోవాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. గైడ్‌లని బుక్ చేసుకునే యాప్‌లో 220 యూరోలు చూపించింది. "యాప్ వాళ్ళకి కమిషన్ ఎందుకండీ, అక్కడ క్యాన్సిల్ చేసి నాకు నేరుగా పంపండి, 180కి చేస్తా" అన్నాడు. నలభై యూరోలు మిగులుతున్నాయని మహా తెలివైనదానిలా మొత్తం ముందే బ్యాంకులో వేసేశాను. ఆ తెలివి గురించి మావారు ఇప్పటిదాకా ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

పొద్దున రోసియు చౌరస్తా దగ్గర కలవాలి. దొరగారు ఆలస్యంగా వచ్చారు, ఒక్కరే కాదు, ఓ కుర్ర జంటతో. "నా ఫ్రెండ్స్, కాసేపు మనతో నడుస్తారు, మీకేం ఇబ్బంది లేదుగా?" అన్నాడు. పొద్దున్నే, పరాయి ఊళ్ళో, వాళ్ళ ముందే నిలబెట్టి అడిగితే ఉందని ఎవరంటారు? సరే అన్నాం.

నడక మొదలైన దగ్గర్నుంచి అతని తల ఫోన్‌లోంచి పైకి లేవలేదు. పక్కనే సావ్ దొమింగుష్ చర్చి ఉంది. 1959లో అగ్నిప్రమాదంలో కాలిపోతే కప్పు కొత్తగా వేశారు గానీ, మాడిపోయిన స్తంభాలనీ గోడలనీ అలాగే ఉంచేశారు. దాన్ని దాటుకుని చకచకా వెళ్ళిపోతున్నాడు. మామయ్యే ఆగి లోపలికి తొంగిచూసి "రండమ్మా, ఇది చూడండి" అని మమ్మల్ని పిలిచారు. లోపల రాతి స్తంభాలు పెచ్చులూడి, చెయ్యి పెడితే పొడి రాలేలా ఉన్నాయి. మేం బయటికి వచ్చేసరికి మన గైడ్ వాచీ చూపిస్తున్నాడు.

ఊరి మధ్యలో పల్లంలో ఉండే బైషా వీధుల్లోకి వచ్చాక తమాషా మొదలైంది. 1755 నవంబరు 1న ఆల్ సెయింట్స్ పండగ, చర్చిల నిండా జనం, కొవ్వొత్తులు. అప్పుడే భూకంపం, తర్వాత సముద్రం పొంగడం, ఆపైన రోజుల తరబడి మంటలు. ఊరు తుడిచిపెట్టుకుపోతే, తర్వాత పోంబాల్ మార్క్విస్ అనిపించుకున్న మంత్రి ఈ ప్రాంతాన్ని గళ్ళుగళ్ళుగా, తిన్నటి వీధులతో మళ్ళీ కట్టించాడు. మళ్ళీ భూకంపం వస్తే తట్టుకోవాలని గోడల లోపల చెక్క చట్రాలు పెట్టించాడు. నమూనా కట్టి, చుట్టూ సైనికులతో కవాతు చేయించి పరీక్షించారట కూడా. ఇదంతా గైడ్ చెప్పాడనుకుంటున్నారా? మామయ్య అత్తయ్యకి చెప్తుంటే నేను విన్నాను. ఆ కుర్ర జంట కూడా గైడ్‌ని వదిలేసి మామయ్య పక్కన చేరారు. మావారు ఇంగ్లీషులోకి మార్చి చెప్తున్నారు. 180 యూరోలు మామయ్య చేతిలో పెట్టినా న్యాయంగా ఉండేది.

ఫాన్కైరుష్ వీధి దాకా వచ్చాం. అక్కడ్నుంచి పైకి. "లిఫ్ట్ ఎక్కడ?" అని అడిగాను. "ఇవాళ లిఫ్ట్ దగ్గర పెద్ద క్యూ, గంట పోతుంది. మెట్లు కొన్నే" అన్నాడు. నేను శాంతా జూస్తా గురించి అనుకున్నాను, అదే, టూరిస్టులంతా ఎగబడే 1902 నాటి ఇనుప లిఫ్ట్. దాని దగ్గర క్యూ ఉంటుందని నేనూ విన్నాను కాబట్టి నమ్మాను.

సాయంత్రం హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి చెప్తే తెలిసింది. ఆ ఫాన్కైరుష్ వీధిలోనే మామూలు బిల్డింగ్ గుమ్మంలా ఉండే చోట లిఫ్ట్ ఉంది, ఫ్రీ, టికెట్ కూడా లేదు. అది ఎక్కితే పై వీధిలో, మదలేనా వీధిలో తేలతాం. అక్కడ కొంచెం నడిస్తే సూపర్ మార్కెట్ ఉన్న కార్ పార్కింగ్ బిల్డింగ్‌లో ఇంకో లిఫ్ట్, అదీ ఫ్రీయే, కొండమీది పాత కోట కిందిదాకా తీసుకెళ్తుంది. ఊళ్ళో ముసలివాళ్ళు కూరగాయల సంచులతో ఎక్కేది అదేనట. అంటే మేము ఆ గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళి, అత్తయ్యతో మెట్లు ఎక్కించాం. అతనికి తెలీదంటారా? ఆ ఊరివాడే! ఆ జంట ఫాస్ట్‌గా నడుస్తున్నారు, వాళ్ళకి మెట్ల సందులు ఫొటోలకి బాగుంటాయి. అంతే కథ.

మెట్లమీద అత్తయ్య ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నా భుజానికి ఆనించి ఎక్కారు. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, మళ్ళీ. అప్పుడే ఆ కుర్రాడు మావారిని మామూలుగా అడిగాడు, "మీరెంత ఇచ్చారు? మాకు తలకి నలభై అన్నాడు" అని. ఫ్రెండ్స్ అట ఫ్రెండ్స్!

అయినా గొడవ పెట్టుకోలేదు. పెద్దవాళ్ళ ముందు ఎందుకులే, పైకి చేరాక మాట్లాడదాం అనుకున్నాం.

పైన శాంతా లూజియా వ్యూపాయింట్. బాగుంటుంది, అబద్ధం చెప్పను. కాగితంపూల పందిరి, కింద అల్ఫామా అనే పాత పేట ఇళ్ళ ఎర్ర పెంకులు, ఆవల తేజు నది. అత్తయ్యని బెంచీ మీద కూర్చోబెట్టాం. పక్కనే చర్చి గోడకి నీలం పింగాణీ పలకలతో చేసిన పెద్ద బొమ్మలు రెండున్నాయి. ఒకటి 1147లో కోటని ముట్టడించిన దృశ్యం, రెండోది నది ఒడ్డున ఉన్న పెద్ద చౌరస్తా భూకంపానికి ముందు ఎలా ఉండేదో. మామయ్య ఆ రెండో బొమ్మ ముందు నిలబడిపోయారు. కళ్ళజోడు పైకెత్తి, దగ్గరికి వెళ్ళి, ఓడల్ని ఒక్కొక్కటే చూస్తున్నారు. పాఠంలో చెప్పిన ఊరు, మిగలని ఊరు, అక్కడ గోడమీద ఉంది కదా. వెనక్కి తిరిగి ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులో, "సర్, ఈ ఎడమ పక్కన కనిపించేది రాజుగారి భవనమేనా?" అని అడిగారు.

తల ఎత్తకుండా అతనన్న మాట: "గూగుల్‌లో ఉంటుంది అంకుల్."

మన కస్టమర్లు ఎంతమంది వెళ్ళి ఉంటారో చూడండి, అంకుల్ అనడం నేర్చుకున్నాడు. మర్యాద మాత్రం ఎవరూ నేర్పలేదు. మామయ్య "ఓకే, థాంక్యూ" అని కళ్ళజోడు సరిచేసుకుని పక్కకి వచ్చేశారు. ముప్ఫై ఏళ్ళకి పైగా పిల్లలు ఏం అడిగినా విసుక్కోకుండా చెప్పిన మనిషి ఆయన.

అక్కడితో అయిపోలేదు. అతను వాచీ చూసుకుని నా దగ్గరికి వచ్చి, గొంతైనా తగ్గించకుండా, "ఈ స్పీడుతో సాయంత్రానికి కూడా అల్ఫామా పూర్తవదు. ఈవిడని ఇలాంటి ఊరికి తీసుకురాకుండా ఉండాల్సింది. ఇలాంటివాళ్ళకి బస్సు టూర్లు ఉంటాయి" అన్నాడు.

అత్తయ్యకి ఇంగ్లీషు మాట్లాడటం రాదు. అర్థం మాత్రం అవుతుంది. మొహం ఎర్రబడింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బెంచీ పట్టుకుని లేచి, "పదండమ్మా, నేను నడుస్తాను, నావల్ల ఆలస్యం ఎందుకు" అన్నారు. ఆ మాట వినేసరికి నా కడుపు రగిలిపోయింది. ఆఫీసులో మేనేజర్‌తో కూడా వాదించేదాన్ని, అక్కడ ఒక్క మాట రాలేదు నోట్లోంచి. ఇప్పుడు రాత్రి పదింటికి ఎన్ని డైలాగులు వస్తున్నాయో!

నేను నోరు తెరిచేలోపే అతను "నో నో, మీరు రెస్ట్ తీసుకోండి, ఎంజాయ్ ద వ్యూ" అని చెయ్యి ఊపి, ఆ జంటని తీసుకుని అల్ఫామా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మావారు వెనకాలే వెళ్ళి "మా టూర్ ఇంకా రెండు గంటలుంది" అంటే, "మీవాళ్ళు నడవలేకపోతే నేనేం చెయ్యను" అన్నాడట, ఆగకుండానే. మా డబ్బుతో, మా టైంలో, వాళ్ళకి అల్ఫామా సందులు చూపించుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, పాపం సిగ్గుపడ్డట్టుంది.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. "మీతో గడపడం సంతోషం! మీకు నచ్చితే ఫైవ్ స్టార్స్ ఇవ్వండి" అని లింకు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పైగా ఆ లింకు నొక్కితే నేను రివ్యూ రాయలేను. బుకింగ్ క్యాన్సిల్ చేసింది నేనే కదా! అందుకేనేమో అతని ప్రొఫైల్‌లో చెడ్డ రివ్యూలు కనపడవు.

దిగడం గురించి చెప్పాలంటే, గైడ్ అక్కర్లేకుండానే దిగాం. పక్కనే పోర్తాష్ దు సోల్ దగ్గర 12 నంబర్ ట్రామ్ ఆగుతుంది, కేథడ్రల్ మీదుగా కిందికి వచ్చేస్తుంది. అక్కడ వీధిలో గుమ్మం ముందు బల్ల వేసుకుని జింజిన్యా (అంటే అక్కడి చెర్రీ పళ్ళ సారా) అమ్ముకునే ఓ ముసలావిడ, అత్తయ్య నిలబడి ఉండటం చూసి లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ తన మోకాలు చూపించింది, అత్తయ్య తన మోకాలు చూపించారు. ట్రామ్ వచ్చేదాకా ఇద్దరూ అలా కబుర్లాడుకున్నారు.

రిఫండ్ అడిగాను. "టూర్ ఇచ్చాను, మధ్యలో ఆగింది మీరు" అని ఒక మెసేజ్, తర్వాత బ్లాక్. యాప్ వాళ్ళు "మా ద్వారా బుకింగ్ లేదు" అన్నారు, వాళ్ళ తప్పేం లేదు. పోర్చుగల్‌లో వ్యాపారం చేసే ప్రతివాళ్ళ దగ్గరా ఫిర్యాదుల పుస్తకం ఉండాలని చట్టం ఉంది, ఆన్‌లైన్‌లోనూ ఉంది. రాద్దామంటే ఎవరి పేరున రాయాలి? రసీదు లేదు, అతని పూర్తి పేరు కూడా నాకు తెలీదు. బ్యాంకులో పడిన పేరు వేరేవాళ్ళది!

సరే, వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు. యాప్ బయట డబ్బు కట్టకండి, ఎంత తగ్గించినా. మొత్తం ముందే ఇవ్వకండి. "ఫాతురా" ఇస్తారా అని ముందే అడగండి, అది ట్యాక్స్ నంబర్‌తో ఉండే రసీదు. పక్కన ఇంకెవరైనా కనిపిస్తే అక్కడే, మొదటి నిమిషంలోనే ఆపేయండి, మాలా మొహమాటపడకండి. పెద్దవాళ్ళుంటే ఫాన్కైరుష్ వీధి లిఫ్ట్, 12 ట్రామ్, ఇవి రెండూ గుర్తుపెట్టుకుంటే చాలు, గైడ్ లేకపోయినా కోట దాకా వెళ్ళి రావచ్చు. 28 ట్రామ్ ఎక్కితే జేబులు జాగ్రత్త, దొంగలు ఎక్కువ. వాళ్ళు కనీసం దొంగలమని ఒప్పుకుంటారు.

రేపు బెలేం టాక్సీలో వెళ్తున్నాం. గైడ్‌గా మామయ్య ఉన్నారు. ఆ నంబర్ మీకెవరైనా పంపితే, దయచేసి ఈ పోస్ట్ వాళ్ళకి తిరిగి పంపండి.