ప్రసంగాలు చదవాలా, ఊళ్లో కూర్చుని అడగాలా?

పాపులిజం (మంచి జనం ఒకవైపు, చెడ్డ పెద్దలు ఒకవైపు అని చెప్పే రాజకీయం) వల్ల పార్టీల మధ్య దూరం పెరుగుతుందా అని పరిశోధించాలనుకునే డెల్టా పిల్లలకి దారులు రెండు.

ఒకటి, ప్రసంగాలు, మేనిఫెస్టోలు ముందేసుకుని 'మంచి జనం, చెడ్డ పెద్దలు' అనే వరస ఎక్కడెక్కడ వచ్చిందో లెక్కకట్టడం. ఖర్చు తక్కువ, ఎన్ని ఎన్నికలైనా వెనక్కి వెళ్లొచ్చు. కానీ 1983 ఎన్నికలే చూడండి, ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలంటే కాంగ్రెస్ ప్రభుత్వం 1.90 అంది. కాగితం మీద పార్టీలు దగ్గరైనట్టే ఉంటుంది, మనుషులు ఎంత దూరమయ్యారో కనపడదు.

రెండోది, మనుషుల్నే అడగడం. మా ఊరి కాలవగట్టు మీద టీ కొట్లు రెండు, ఈ పార్టీవాళ్లు ఆ కొట్టు బల్ల మీద కూర్చోరు, ఎన్నికలైపోయాక కూడా. ఇది ఏ మేనిఫెస్టోలో దొరుకుతుంది? 'అవతలి పార్టీ ఇంటికి పిల్లనిస్తారా' అని అడగండి (1960 ప్రాంతంలో అమెరికాతో సహా ఐదు దేశాల సర్వేలో ఇలాంటిదే అడిగారు). చిక్కల్లా కులంతోనే. కోనసీమలో అది ఎక్కడ ఆగి పార్టీ ఎక్కడ మొదలవుతుందో విడదీయడం చాలా కష్టం.

అయినా నా ఓటు రెండోదానికే. ఒక్కసారి అడిగితే పాపులిజం ముందో, దూరం ముందో తేలదు కాబట్టి, అవే ఇళ్లకి ఎన్నికల ముందోసారి, తర్వాతోసారి వెళ్లాలి.