కింద చివరి దవడ పళ్లు రాలేదా? ప్యాకేజీకి డబ్బు కట్టకముందే ఓపీజీ ఎక్స్‌రే తీయించండి

బెంగళూరులో పిల్లలకి వంకర పళ్లు సర్దడానికి క్లిప్పులో అలైనర్లో (పళ్లకి తొడిగే పారదర్శక తొడుగులు) వేయిద్దామనుకుంటున్న మన తెలుగువాళ్లు దయచేసి ఇది చదవండి. మా అబ్బాయి విషయంలో 75 వేలు, 14 నెలలు పోయాయి. డబ్బు సంగతి సరే, ఆ నెలలు తిరిగి రావు.

మేం మారతహళ్లి వైపు ఉంటాం. బాబుకి పన్నెండున్నరేళ్లప్పుడు ముందు పళ్లు వంకరగా ఉన్నాయని దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. నోట్లో స్కానర్ తిప్పి, చివరికి పళ్లు ఎలా సర్దుకుంటాయో స్క్రీన్ మీద చూపించారు. మావాడి ముఖం వెలిగిపోయింది. అరగంటలో అలైనర్ల ప్యాకేజీకి ఈఎంఐ కాగితాల మీద సంతకాలు పెట్టేశాం. ఎక్స్‌రే మాత్రం తీయలేదు. ఆ స్కానర్‌కి చిగురు పైన ఉన్నదే కనిపిస్తుందని, ఎముకలో దాగిన పన్ను కనిపించదని నాకు అప్పుడు తెలియదు.

"కింద చివరి పళ్లు ఇంకా రాలేదేంటండీ?" అని నేనే రెండుసార్లు అడిగాను. "వస్తాయి మేడమ్, టెన్షన్ పడకండి" అన్నారు.

పోయిన నెల ఎడమ దవడ వాచింది. అన్నం ఒక పక్కనే నములుతున్నాడు. జయనగర్‌లో ఒక ఆర్థోడాంటిస్ట్ (వంకర పళ్లు సరిచేసే స్పెషలిస్టు) దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ నోరు చూడగానే ముందు ఓపీజీ తీయించారు. రెండు దవడలూ, పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే అది. కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పని.

ముందు పళ్ల మధ్య గీత నుంచి వెనక్కి లెక్కపెడితే ఏడోది మేం ఎదురుచూస్తున్న పన్ను. నిలువుగా ఉండాల్సిన ఆ పన్ను రెండు వైపులా ముందుకి ఒరిగి, దాదాపు పడుకుని ఉంది. దాని తల ఆరో పన్ను నడుము కింద ఇరుక్కుపోయింది. డాక్టరమ్మ పెన్ను మొనతో ఎడమ ఆరో పన్ను వెనక ఒక నల్ల మచ్చ చూపించారు. ఆ ఇరుకులో తిండి చేరి, బ్రష్ అందక, బాగున్న పన్ను కూడా పుచ్చడం మొదలైంది. ఆ మచ్చ చూసి నా చేతులు చల్లబడ్డాయి.

ఏడో పళ్లు మామూలుగా 11 నుంచి 13 ఏళ్ల మధ్య వస్తాయట. వాటి పంటి వేర్లు పూర్తిగా తయారయ్యేది 14, 15 ఏళ్లకి. ఒరిగిన పన్నుని అంతకుముందే లేపితే సులువు. కొద్దిగా ఒరిగితే రెండు పళ్ల మధ్య సన్నటి తీగో స్ప్రింగో పెట్టి వెనక్కి తోస్తారు. బాగా ఒరిగితే చిగురు కోసి, పన్నుకి బటన్ అతికించి, ఎముకలో చిన్న స్క్రూ వేసి దాని ఆధారంతో నిలబెడతారు. ఒక్కోసారి వెనకున్న జ్ఞానదంతం మొగ్గ కూడా తీయాల్సి వస్తుంది. అలైనర్లు చెడ్డవని నేను అనను. కానీ చిగురులో ఉన్న పన్నుని అలైనర్ ఎలా పట్టుకుంటుంది? మావాడికి ఇప్పుడు కోత తప్పదు.

అందుకే చెప్తున్నాను, డబ్బు కట్టకముందే ఓపీజీ తీయించి "ఏడో పళ్లు ఎక్కడున్నాయో చూపించండి" అని అడగండి. చూసేవాళ్లు బీడీఎస్ (పళ్ల డాక్టర్ డిగ్రీ) తర్వాత 3 ఏళ్లు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (పీజీ) చేసినవాళ్లేనా కనుక్కోండి. చికిత్స ప్లాన్ కాగితం మీద రాయించుకోండి. ఖర్చుకి వెనకాడితే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, రెండో అభిప్రాయానికి అక్కడికైనా వెళ్లండి. 13 దాటిన పిల్లలుంటే ఈ రాత్రే టార్చి వేసి లెక్కపెట్టండి. ఏ వైపైనా ఆరే ఉంటే ఇంకో ఆరు నెలలు చూద్దామని ఆగకండి.

క్లినిక్ వాళ్లని డబ్బు అడిగితే "ముందు పళ్లు సర్దుకున్నాయి కదా" అంటున్నారు. రసీదులు, స్కాన్ ఫైళ్లు అన్నీ తీసుకున్నాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి 2 ఏళ్ల గడువుంది, వెళ్తాం కూడా. బాబుకి వచ్చే శనివారం ఎడమవైపు ఆపరేషన్. కుడివైపు అది మానాక.