శ్రుతి జారే వీసీఓ: మద్రాసులో నాలుగేళ్లు వాడాక

ఎలక్ట్రానిక్ తంబూరా ఆన్ చేసి, వీసీఓ (సింథసైజర్‌లో వోల్టేజీని బట్టి స్వరం పుట్టించే భాగం) షడ్జమాన్ని దానితో కలిపి, కాఫీ కలుపుకుని వచ్చేసరికి శ్రుతి జారిపోయి ఉంటుంది. నాలుగేళ్లుగా ఈ కిట్ మీద ఉన్న కోపం ఇదొక్కటే, మిగతావన్నీ సర్దుకుపోయేవే. జారేది పెద్దగా ఏం కాదు, 13 సెంట్లు, అంటే ఒక స్వరస్థానంలో ఎనిమిదో వంతు. డ్రమ్ లూప్ పక్కనైతే ఎవరి చెవికీ ఆనదు. తంబూరా పక్కన మాత్రం దాచడానికి వీల్లేదు. 220 హెర్ట్జ్ దగ్గర 13 సెంట్లు తగ్గితే సెకనుకు ఒకటిన్నరసార్లకు పైగా ‘వోం వోం’ అని కొట్టుకుంటుంది.

సరుకు ఇది: 3340 చిప్ మీద కట్టిన కిట్ వీసీఓలు మూడు, 84 హెచ్‌పీ వెడల్పు (మాడ్యూళ్లు పట్టే చోటు కొలత) ఉన్న చెక్క కేసు, 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 రెగ్యులేటర్లతో (ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు ఇచ్చేవి) లీనియర్ సప్లై. చిప్పులు లాత్వియాలో తయారయ్యే ఏఎస్3340లు. ప్రాఫెట్-5 అనే పాత సింథసైజర్ మూడో రివిజన్‌లో వాడిన సీఈఎం3340 వంశమే. ఇల్లు సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది, ఈ సంగతి తర్వాత పనికొస్తుంది. ఏ నాబ్ ఏం చేస్తుందో కిట్ కాగితంలోనే ఉంటుంది కాబట్టి అది వదిలేస్తున్నా.

మొదటి ఏడాది ఎవరడిగినా ‘ఐదు ఆక్టేవులు పక్కాగా పలుకుతుంది, కళ్లు మూసుకుని కొనండి’ అని చెప్పాను. అబద్ధం కాదు. కాకపోతే ఆ కొలత తీసుకున్నది డిసెంబరులో, ఏసీ గదిలో, కేసు మూత తీసి ఉంచి. ఇప్పుడైతే ‘కళ్లు మూసుకుని’ అన్న మాట వెనక్కి తీసుకుంటా.

అనలాగ్ వీసీఓ శ్రుతి జారిందంటే అందరి వేలూ ముందు ఎక్స్‌పోనెన్షియల్ కన్వర్టర్ (వోల్టేజీని పిచ్‌కు తగ్గ కరెంటుగా మార్చే భాగం) వైపే వెళ్తుంది. దానికి కారణం లేకపోలేదు. ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర వోల్టేజీ సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది, పిచ్ ఒక ఆక్టేవు పైకి వెళ్తుంది. ఆ 18 అనేది స్థిరమైన అంకె కాదు, వేడి ఒక డిగ్రీ పెరిగితే 0.33 శాతం పెరుగుతుంది. సరిదిద్దకుండా వదిలేస్తే డిగ్రీకి నాలుగు సెంట్ల చొప్పున ఆక్టేవు కుంచించుకుపోతుంది. పాత డిజైన్లలో 3300 పీపీఎం టెంప్‌కో రెసిస్టర్‌ను (వేడితో పాటు విలువ పెరిగేది) ట్రాన్సిస్టర్ల వీపుకు అంటించేది అందుకే. 3340లో ఆ సవరణ చిప్ లోపలే ఉంది, అయినా అనుమానం దాని మీదికే పోతుంది.

ఇక్కడే ఒక గుర్తు చూసుకోవాలి. కన్వర్టర్ వేడికి జారితే ఆక్టేవు వెడల్పు మారుతుంది, కాబట్టి కింది స్వరానికీ పై స్వరానికీ తప్పు ఒకేలా ఉండదు. ఈ వీసీఓలో 110 దగ్గరా 13 సెంట్లే, 880 దగ్గరా 13 సెంట్లే. ఆక్టేవు వెడల్పు చెక్కుచెదరలేదు, వరుస మొత్తం ఒక్కలా కిందికి జరిగింది. ఆ అంకెలు రెండూ పక్కపక్కన రాసుకుని ఉంటే చిప్ మార్చే పని తప్పేది. రాసుకోలేదు, చిప్ మార్చాను, ఏమీ మారలేదు.

దొంగ దొరికింది హెయిర్ డ్రయ్యర్‌తో. ట్యూనర్ పెట్టి, అడుగు దూరం నుంచి వీసీఓ బోర్డు మీద రెండు నిమిషాలు వేడి గాలి కొడితే సూది రెండు సెంట్లు కదిలి ఆగింది. కేసు వెనక్కి తిప్పి సప్లై హీట్‌సింక్ మీద కొడితే సూది ఎడమకు నడవడం మొదలుపెట్టింది. గాలి వీసీఓకు తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టి మళ్లీ చేసినా అదే నడక. డ్రయ్యర్ ఆపి టేబుల్ ఫ్యాను పెడితే మెల్లగా వెనక్కి వచ్చింది.

ఇక మల్టీమీటరు పని. ఆన్ చేసిన వెంటనే ప్లస్ లైను 12.04 వోల్టులు. నలభై నిమిషాలకు 12.00. మైనస్ లైనులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 7812 బయటికిచ్చే వోల్టేజీ డిగ్రీకి సుమారు ఒక మిల్లీవోల్టు తగ్గుతుంది, రెగ్యులేటర్‌కు అది సహజం. కేసు మొత్తం 0.6 ఆంపియర్లు లాగుతోంది, రెగ్యులేటర్ మీద 7 వోల్టులు పడుతున్నాయి, అంటే 4 వాట్లకు పైగా వేడి, అదీ మూసిన చెక్కపెట్టెలో. లోపల నలభై డిగ్రీలు పెరగడంలో వింతేమీ లేదు.

రెగ్యులేటర్‌ను తప్పుపట్టలేం. 12 వోల్టులకు 40 మిల్లీవోల్టులు ఏ పాటి? తప్పు వీసీఓ బోర్డుది. పిచ్ నాబ్ (100కె పాట్, అంటే తిప్పితే విలువ మారే రెసిస్టర్) రెండు కొసలూ నేరుగా ప్లస్ 12, మైనస్ 12 లైన్లకు కట్టేశారు. మధ్య కాలు నుంచి 270కె రెసిస్టర్ ద్వారా వోల్టేజీలన్నీ కలిసే సమ్మింగ్ దగ్గరకు వెళ్తుంది. కీబోర్డు వోల్టేజీ వచ్చేది 100కె ద్వారా. నాబ్ ముప్పాతిక దాకా తిప్పి ఉంటే ప్లస్ లైనులో తగ్గిన 40లో 30 మిల్లీవోల్టులు మధ్య కాలు మీద కనిపిస్తాయి. దాన్ని 100/270తో గుణిస్తే 11 మిల్లీవోల్టులు. ఆక్టేవుకు 1 వోల్టు, 1200 సెంట్లు కాబట్టి ఒక సెంటు అంటే 0.833 మిల్లీవోల్టు. భాగించండి: 13. ట్యూనర్ చూపించిన అంకె సరిగ్గా అదే. సప్లై లైనుకు పవర్ ఇచ్చే పనితో పాటు కొలబద్ద పని కూడా అప్పగించారన్నమాట. రెండు మూడు విడిభాగాలు మిగుల్చుకోవడానికి చేసిన పొదుపు ఇది. మంచి ల్యాబ్ సప్లై మీద పరీక్షించినవాళ్లకు ఎప్పటికీ కనిపించదు.

ఇదే జబ్బు ఇన్వర్టర్ మీద మరీ ముదురుతుంది. ఇంట్లో ఉన్నది స్క్వేర్ వేవ్ రకమైతే కరెంటు పోయిన క్షణంలో పిచ్ దాదాపు ఒక స్వరస్థానం దిగిపోతుంది. కారణం ఇది: 230 వోల్టుల సైన్ వేవ్ శిఖరం 325 వోల్టులు. 230 వోల్టుల స్క్వేర్ వేవ్ శిఖరం 230 దగ్గరే ఆగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో 21 వోల్టులు రావాల్సిన చోట 15 వస్తాయి, డయోడ్లు పోను ఇంకా తక్కువ. 7812 నిలబడాలంటే ఇచ్చే 12 మీద రెండు వోల్టుల పైచిలుకు అదనంగా లోపలికి రావాలి, అది లేదు. లైన్లు 11.6కి పడిపోతాయి, వాటితో పాటే నాబూ. వాయిస్తూ ఉండగా వినడానికి టేప్ ఆగిపోతున్నట్టే ఉంటుంది.

మందు చవకే. పాట్ రెండు కొసలనూ లైన్ల నుంచి తప్పించి, స్థిరంగా ఉండే ప్లస్ 5, మైనస్ 5 వోల్టులకు కట్టాలి. ఎల్ఎం4040 (వోల్టేజీని కదలకుండా నిలబెట్టే చిన్న భాగం) ఐదు వోల్టుల రకం రెండు, 3.3కె రెసిస్టర్లు రెండు చాలు. ప్లస్ వైపు: 12 నుంచి 3.3కె, దాని కింద ఎల్ఎం4040 కేథోడ్, యానోడ్ గ్రౌండుకు. మైనస్ వైపు అద్దంలో చూసినట్టు: కేథోడ్ గ్రౌండుకు, యానోడ్ నుంచి 3.3కె ద్వారా మైనస్ 12కి. ఒక్కోదానిలో 2 మిల్లీఆంపియర్ల చొప్పున పారుతుంది. వోల్టేజీ తగ్గించాం కాబట్టి 270కె తీసి 110కె వేస్తే నాబ్ పరిధి మునుపటిలాగే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర ఆక్టేవులు. నాబ్ నడక మాత్రం కాస్త మారుతుంది. మధ్యలో నెమ్మదిగా, కొసల్లో చురుగ్గా. 100కె పాట్ మీద 110కె బరువు పడినందుకు అది తప్పదు.

మద్రాసు ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఎల్ఎం4040 అడిగి దొరక్కపోతే టీఎల్431 తీసుకోండి, పాత పీసీ సప్లైల్లో నుంచైనా పీకొచ్చు. రెండు 10కె రెసిస్టర్లు కడితే అదీ 5 వోల్టులు ఇస్తుంది. పైన రెసిస్టర్ 3.3కెకి బదులు 2.7కె వేయండి. దాని మీద అలవాటు కొద్దీ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మాత్రం పెట్టొద్దు, ఊగడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. పాత ట్రాకులు కత్తితో కోసేముందు ప్లస్ 12 ట్రాక్ పాట్ దగ్గరే ఆగుతోందా, ముందుకు వెళ్లి చిప్‌కు కూడా అందుతోందా చూసుకోవాలి. ఈ బోర్డులో వెళ్తోంది. పాట్ కాలి దగ్గర కాకుండా ముందే కోస్తే చిప్ ఆకలితో చస్తుంది.

మార్చాక నలభై నిమిషాల్లో జారుడు రెండు మూడు సెంట్లు, ఇన్వర్టర్ మీద కూడా అంతే. ఇన్వర్టర్ మీద బర్రుమనే శబ్దం మాత్రం అలాగే ఉంది, దానికి ప్యూర్ సైన్ ఇన్వర్టరే దారి.

తర్వాత స్కేల్ (వోల్టుకు ఒక ఆక్టేవు అనే కొలత) మళ్లీ పెట్టుకోవాలి. మాడ్యూల్‌ను కేసులో స్క్రూలతో బిగించి, అరగంట కాగనిచ్చి చేయండి. బల్ల మీద పరిచి చేస్తే కేసులోకి వెళ్లాక మారుతుంది. 1 వోల్టు ఇచ్చి ఫైన్ నాబ్‌తో 110 హెర్ట్జ్, తర్వాత 3 వోల్టులు, 440 రావాలి. ఎక్కువ వస్తే స్కేల్ ట్రిమ్మర్ తగ్గించి, మళ్లీ 1 వోల్టుకు వచ్చి 110 సరిచేయాలి. ఐదారు రౌండ్లు పడుతుంది. పై కొసలో, 2000 హెర్ట్జ్ దాటాక, కాస్త తగ్గుతూ ఉంటుంది, హెచ్‌ఎఫ్ ట్రిమ్మర్ ఉన్నది దానికే, ఆఖర్న ముట్టుకోవాలి. మామూలు మల్టీమీటరును నమ్మి 1 వోల్టు పెట్టుకోవద్దు. అర శాతం తప్పు చూపించే మీటరంటే ఆక్టేవుకు 6 సెంట్లు పోయినట్టే.

ఇంతా చేసి ఊపిరి పీల్చుకుంటే ఉప్పుగాలి వచ్చింది. రోజూ వాడే జాక్‌లు రాపిడికి శుభ్రంగానే ఉంటాయి, నెలల తరబడి ఖాళీగా ఉన్నవే చెడతాయి. కాంటాక్టులో 1కె రెసిస్టెన్సు చేరితే 100కె ఇన్‌పుట్‌కు ఒక శాతం పోతుంది, ఆక్టేవుకు 12 సెంట్లు. పైగా కేబుల్ కదిలినప్పుడల్లా మారుతుంది. ప్లగ్గుకు కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి నాలుగైదుసార్లు దూర్చి తీస్తే కుదుటపడుతుంది. మద్రాసులో ఏడాదికి రెండుసార్లు, ఒకటి వానలు తగ్గాక. వెనకాల రిబ్బన్ కేబుల్ పిన్నులనూ అప్పుడే చూడండి. తిరిగి పెట్టేటప్పుడు ఎర్ర చార మైనస్ 12 వైపు, రెండుసార్లు చూసి మరీ.

పాసివ్ మల్ట్‌తో ఒకే వోల్టేజీని రెండు వీసీఓలకు పంచినా అదే లెక్క, అవతలి మాడ్యూల్ అవుట్‌పుట్‌లో 1కె ఉంటే రెండో కేబుల్ పెట్టగానే ఆక్టేవుకు ఇంకో 11, 12 సెంట్లు పోతాయి. బఫర్ ఉన్నది కొనండి. సీక్వెన్సర్ (స్వరాలను వరుసగా పంపే మాడ్యూల్) ఎల్ఈడీలు వెలిగినప్పుడల్లా పిచ్ తుళ్లిపడుతుంటే గ్రౌండు తీగ సన్నగా ఉన్నట్టు. 50 మిల్లీఓమ్‌ల తీగలో 100 మిల్లీఆంపియర్లు పారితే 5 మిల్లీవోల్టులు, 6 సెంట్లు. సీక్వెన్సర్‌కు సప్లై నుంచి విడిగా లావుపాటి గ్రౌండు లాగితే చాలు. ఇక బర్రుమనే చప్పుడు సీలింగ్ ఫ్యాను వేగం తగ్గించినప్పుడే వస్తుంటే సింథ్‌ను విప్పకండి, గోడ మీది రెగ్యులేటర్ మార్చండి. గుండ్రంగా ఎంతకైనా తిరిగే ట్రయాక్ రకం కాకుండా, టక్కుటక్కుమని మెట్లు ఉండే కెపాసిటర్ రకం.

ఇంత తిట్టీ దీన్ని అమ్మేయకపోవడానికి కారణం పంచమం. రెండు వీసీఓల్లో ఒకటి 110 దగ్గర షడ్జమం, రెండోది పంచమం. క్వాంటైజర్ (వోల్టేజీని దగ్గరి స్వరానికి సర్దే మాడ్యూల్) ఇచ్చే పంచమం 0.583 వోల్టు, 700 సెంట్లు. తంబూరా పంచమం 702 సెంట్లు, 0.585 వోల్టు. ఈ రెండు మిల్లీవోల్టుల తేడాకే షడ్జమం మూడో హార్మోనిక్, పంచమం రెండో హార్మోనిక్ 330 దగ్గర మూడు సెకన్లకోసారి కొట్టుకుంటాయి. ఫైన్ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పితే ఆ కొట్టుకోవడం నాలుగు సెకన్లు, ఎనిమిది సెకన్లు, తర్వాత ఆగిపోతుంది. రెండు సా-టూత్‌లు కలిసి గదిలో ఒక్క గొంతులా నిలుస్తాయి. ఇప్పుడది గంటసేపు అలాగే ఉంటుంది. మునుపు కాఫీ తాగేంత సేపే ఉండేది. గమకాల సంగతి అడక్కండి. వోల్టేజీని మెల్లగా మార్చే స్లూ లిమిటర్‌తో జారు బాగానే వస్తుంది గానీ, తోడి గాంధారాన్ని ఎల్ఎఫ్ఓతో (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) ఊపితే డోర్‌బెల్ మోగినట్టుంటుంది. దానికి చేత్తో తిప్పే జాయ్‌స్టిక్కే కావాలి.

కొనాలా వద్దా అంటే, సోల్డరింగ్ ఐరన్ పట్టడానికి వెనకాడని వాళ్లకు, ట్రాకు కోయడం వచ్చినవాళ్లకు ఈ ధరకు మంచి బేరమే. ఒకే స్వరాన్ని సాగదీసే డ్రోన్లు, నాయిస్, టెక్నో బేస్ చేసుకునేవాళ్లకు అసలు ఈ మార్పే అక్కర్లేదు. మూడో వీసీఓను బేస్‌కే వాడుతున్నా కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. బెంగళూరు వాళ్లకు ఉప్పుగాలి బాధ లేదు, రెగ్యులేటర్ వేడి మాత్రం అక్కడా ఇంతే, మూసిన పెట్టెకు ఊరి చల్లదనం తెలియదు. విడిభాగాలకు వాళ్లకు ఎస్.పి. రోడ్ ఉండనే ఉంది. గాత్రంతోనో వీణతోనో కలిపి వాయించాలనుకుని, విప్పి చూసే ఓపిక లేనివాళ్లయితే మాత్రం కొనేముందు సర్క్యూట్ కాగితం అడిగి పిచ్ పాట్ రెండు కొసలూ ఎక్కడికి వెళ్తున్నాయో చూడండి. 12 అని రాసి ఉంటే వేరేది చూసుకోండి.