కొత్త ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ: అమర్చుకున్నాక నా అభిప్రాయం

నేను కొన్న కొత్త ల్యాప్‌టాప్ నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్‌తో రావడం వల్ల, ప్రాసెసర్ మంచిదే అయినా, ఆన్ చేసిన ప్రతిసారీ పని మొదలుపెట్టడానికి చాలాసేపు ఎదురుచూడవలసి వచ్చేది. వారం తిరగకముందే దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాను. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటాను దాచే డ్రైవ్; సాటా అంటే హార్డ్‌డిస్క్‌ల లాగే దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే పద్ధతి. ముందుగా యూఎస్‌బీ కేబుల్‌తో పాత డిస్క్‌ను క్లోన్ చేసుకున్నందున, అంటే అందులో ఉన్నదంతా ఎస్‌ఎస్‌డీలోకి యథాతథంగా కాపీ చేసుకున్నందున, విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసిన అవసరం రాలేదు. అయితే ఆ కేబుల్ ఎస్‌ఎస్‌డీ పెట్టెలో లేకపోవడం నాకు నచ్చలేదు. స్క్రూలు విప్పాక, అడుగు మూత అంచున ఉండే సన్నని ప్లాస్టిక్ కొక్కేలు విరగకుండా ఊడదీయడానికే ఎక్కువ ఓపిక కావాలి. బ్యాటరీ కనెక్టర్‌ను వేరుచేసిన తరువాతే డిస్క్‌ను ముట్టుకోవాలి.

సాటా వేగం సెకనుకు సుమారు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ అనే మరో రకం ఎస్‌ఎస్‌డీ అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. అయినా రోజువారీ పనిలో నిజమైన తేడా ఆ అంకె వల్ల కాక, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లు డిస్క్ తిరిగే దాకా ఆగకుండా వెంటనే అందడం వల్ల వస్తుంది. ఎం.2 స్లాట్ (సన్నని కార్డులా ఉండే ఎస్‌ఎస్‌డీని అమర్చే చోటు) ఉన్నవారు అది సాటా, ఎన్‌వీఎంఈలలో ఏ రకాన్ని తీసుకుంటుందో మాన్యువల్‌లో తప్పక చూసుకోవాలి. తీసేసిన హార్డ్‌డిస్క్‌ను ఒక కేసులో పెట్టి బ్యాకప్‌కు వాడుకుంటున్నాను.