ఆరేళ్లుగా వాడుతున్న నాలుగంగుళాల గ్రైండరు

భీమవరం దగ్గర మా షెడ్డులో పని ఎక్కువగా రొయ్యల చెరువులదేనండి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల ఫ్రేములు, తూము తలుపులు, కోతల రోజుల్లో హార్వెస్టర్ల రిపేర్లు. తిరిగే డిస్కుతో ఇనుము కోసే, రుద్దే ఈ 850 వాట్ల గ్రైండరు మిషను కొని ఆరేళ్లు దాటింది. మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్షులు నాలుగుసార్లు, బేరింగు ఒకసారి మార్చాను. మోటారులో తిరిగే చుట్ట, అదే ఆర్మేచర్, ఇంకా మొదటిదే. మోటారు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అన్నిటికన్నా నచ్చింది దీని స్విచ్చి. నొక్కి పట్టుకున్నంతసేపే కరెంటు అందుతుంది. పాత మిషనుకి ముందుకు తోస్తే లాకైపోయే స్విచ్చి ఉండేది. ఓ మధ్యాహ్నం కరెంటు పోయిందని దాన్ని అలాగే బల్ల మీద పెట్టి టీకి వెళ్లాం. కరెంటు రాగానే దానంతటదే తిరిగి, బల్ల మీంచి కిందపడి తన వైరునే కోసేసుకుంది. ఆ పక్కన మనిషి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మిషను ఎంత మంచిదైనా డిస్కు సంగతి వేరు. ఇది నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే డిస్కు అంచు గంటకు 200 కిలోమీటర్ల పైన పరిగెడుతున్నట్టు. మూడో ఏడు వానాకాలంలో పైపు కోస్తుంటే కటింగ్ డిస్కు పగిలింది. ముక్క గార్డుకి, అంటే డిస్కుకి అడ్డుగా ఉండే రేకు తొడుగుకి తగిలి సొట్ట పడింది. ఆ సొట్ట సరిగ్గా నా పొట్టకి ఎదురుగా ఉంది. తర్వాత చూస్తే, మధ్యనున్న రింగు మీద కొట్టిన గడువు ఎప్పుడో దాటిపోయింది. పైగా డిస్కుల పెట్టె రెండు నెలలుగా చెమ్మ నేల మీదే ఉంది. ఈ డిస్కుల్లో రాపిడి పొడిని పట్టి ఉంచేది జిగురులాంటి రెజిను, చెమ్మ తగిలితే దాని బలం తగ్గిపోతుంది. మన డెల్టా గాలికి అది మరీ ముఖ్యం. ఇప్పుడు మూత బిగువుగా ఉండే రేకు డబ్బాలో, పడుకోబెట్టి దాస్తున్నాను. కొత్త డిస్కు బిగించాక ఎవరూ ఎదురుగా లేకుండా ఒక నిమిషం ఊరికే తిప్పుతాను.

"బాబాయ్, గార్డుంటే మూల అందట్లేదు" అంటాడు మా కుర్రాడు. అందకపోతే ఆకురాయి పెట్టి రుద్దమంటాను, గార్డు మాత్రం ఇప్పనివ్వను. కొందరు అయిదంగుళాల డిస్కు పట్టించడానికే గార్డు తీసేస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి. సన్నటి కటింగ్ డిస్కుతో వెల్డింగు అతుకులు రుద్దడమూ అంతే ప్రమాదం, పక్క నుంచి ఒత్తిడి పడితే అది తట్టుకోలేదు. మెడలో తువ్వాలు, లుంగీ మా షెడ్డులో బంద్. కళ్లద్దాలు లేకుండా ఎవరూ స్విచ్చి నొక్కరు.

లోపాలూ ఉన్నాయి. రోజంతా నొక్కి పట్టుకుంటే సాయంత్రానికి అరచెయ్యి లాగేస్తుంది. వైరు పొట్టి, చెరువు గట్టు మీద అతుకు వెయ్యక తప్పదు. ఆ అతుకు తడి నేలకి తగలకుండా కర్రకి కడుతున్నాను. కొనేటప్పుడే పొడుగు వైరున్నది అడగండి, అదనంగా ఒక గార్డు కూడా తీసుకోండి.